కట్టె తగలని సారా

ఠంగ్... ఠంగ్... ఠంగ్... దబ్.

బొగాలెచ్ వేలి కణుపు బాన మీద పైనుంచి కిందికి దిగుతుంది. పైన ఖాళీ మోగుతుంది. కింద సారా మూగగా పలుకుతుంది. ఆ రెండు చప్పుళ్ళూ కలిసే చోట ఆమె వేలు ఆగుతుంది.

నిన్న ఎక్కడ ఆగిందో ఇవాళా అక్కడే.

కాదు... కాస్త కిందికేమో.

మళ్ళీ కొడుతుంది.

ఇంకా ముఖం కడుక్కోలేదు. పొయ్యి రాజెయ్యలేదు. కొండ మీది చలిగాలి తలుపు సందుల్లోంచి దూరి నేల మీది బార్లీ గడ్డిని కదుపుతోంది. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళు లేవగానే దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. ఈమె లేవగానే బానని తట్టి చూస్తుంది. దేవుడేమీ అనుకోడు. ఆయనకీ ఈ బాన సంగతి తెలుసు.

ఆ ఊళ్ళో అమ్మే సారా అంతా ఆమె చేతిదే. మొలకెత్తిన బార్లీ, పులియబెట్టే చేదు గేషో ఆకు, కుండల్లో పొంగే ఊట, పొయ్యి మీద బట్టీ, గొట్టం చివర చుక్కా చుక్కా... అమ్మ దగ్గర నేర్చుకుంది. అమ్మ వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. కాచింది కాచినట్టే అమ్ముడైపోతుంది. సారాని దాచిపెట్టేంత ఓపిక ఆ కొండల్లో ఎవరికుంది? తాగేవాళ్ళకి లేదు. కాచేవాళ్ళకి అసలే లేదు.

ఈ ఒక్క బానే వేరు.

ఇది అమ్మేది కాదు. ఇప్పుడు తాగేది కాదు. ఇది పండాలి.

పండితే ఆమె మొగుడు ఇంటికొస్తాడు.

*

ఆ రోజు గాలి ఎటు వీస్తోందో షిఫెరా చూసుకున్నాడు.

చూసుకున్నాడు — ఆ మాట బొగాలెచ్ ఎంతమందికి చెప్పిందో. పిడికెడు దుమ్ము తీసి గాల్లోకి వదిలి, అది ఎటు పోతుందో చూసి, అప్పుడే గొడ్డలి ఎత్తాడు ఆమె మొగుడు. నీలగిరి చెట్టు. సన్నగా, నిటారుగా, పొడుగ్గా. సగం నరికేసరికి గాలి మనసు మార్చుకుంది.

కింద దారిలో తిరుంగో కొడుకు యిర్గా గొర్రెల్ని తోలుకొస్తున్నాడు.

గొర్రెలు తప్పించుకున్నాయి.

అంతే. తిరుంగోకి వాడొక్కడే.

పెద్దమనుషులు చర్చి గోడ పక్కన రాళ్ళ మీద కూర్చున్నారు. కావాలని చేసింది కాదన్నారు. అయినా చేతికి రక్తం అంటిందన్నారు. అంటిన చెయ్యి ఊళ్ళో ఉండకూడదు. షిఫెరా కొండ దిగిపోవాలి. కింద లోయలో, చెరుకు తోటల్లో, ఆ ఎండలో బతకాలి.

ఎన్నాళ్ళు?

ఆ ప్రశ్నకి వాళ్ళు ఏళ్ళలో జవాబు చెప్పరు. బాన చూపిస్తారు.

తప్పు చేసినవాడి ఇంటివాళ్ళు సారా కాచి బాన నింపాలి. మూతి మట్టితో మెత్తాలి. ఏటా వానలు వెళ్ళాక, శిలువ పండగ మంటలు ఆరిన మర్నాడు, బిడ్డ పోయిన తల్లి వచ్చి ఒక గ్లాసు రుచి చూస్తుంది. మండితే మండుతోందని చెప్పి వెళ్ళిపోతుంది. మండకుండా గొంతు దిగిన రోజున, ఆ గ్లాసులో సగం ఉంచి రెండో ఇంటికి ఇస్తుంది. రెండిళ్ళు, ఒక్క గ్లాసు. ఆ రోజుతో కొండ దిగిపోయినవాడు మళ్ళీ ఎక్కి రావచ్చు.

అప్పటిదాకా కాచిన ఇంటివాళ్ళు అందులో ఒక్క చుక్క కూడా నాలిక మీద వేసుకోకూడదు.

మండేది సారా ఒక్కటేనా అని అక్కడ ఎవరూ అడగరు. కడుపుకోతని కొలిచే గరిటె ఎవరి దగ్గరుంది? అందుకే పాతకాలం వాళ్ళు బానని అడ్డం పెట్టుకున్నారు. మూడు నాలుగు వానలకి సారా మెత్తబడుతుంది. ఈలోపు మనిషీ కాస్తో కూస్తో మెత్తబడుతుంది. ఎవరు ముందైనా ఊరికి పరవాలేదు.

అయితే తిరుంగో ఒక మాట అడ్డం వేసింది.

"నా బిడ్డని కట్టె తినేసింది. ఈ సారాకి కట్టె తగలకూడదు. కట్టె పొగ కూడా తగలకూడదు."

పెద్దమనుషులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

బానకి పొగ పట్టించకపోవడమా? అడవి ఆలివ్ చెక్క కాల్చి, ఆ పొగ మీద కుండ బోర్లించి, లోపలంతా నల్లగా తియ్యగా పట్టేదాకా ఉంచడం — అక్కడ ఆడపిల్ల నడక రాకముందే చూసే పని. పాల బుర్రకి పొగ. నీళ్ళ కుండకి పొగ. దూరదేశాల్లో సారాని చెక్క పీపాల్లో ఏళ్ళకేళ్ళు పడుకోబెడతారని లారీవాళ్ళు చెబుతారు. ఇక్కడ పీపా చేసేంత మాను ఎక్కడుంది, చేసేవాడెక్కడున్నాడు? వీళ్ళ పీపా అంతా ఆ పొగే. ఆ పొగే సారా కోరలు అరగదీస్తుంది. మట్టి రంధ్రాలు పూడ్చేదీ అదే.

అది కూడా వద్దంది.

ముసలి వుబ్షెత్, ఆ పెద్దమనుషుల్లోకెల్లా పెద్ద, గడ్డం గోక్కున్నాడు. "అమ్మా, ఉట్టి మట్టిలో సారా పండేదాకా నేనుండనే."

"నాకు తొందరేం లేదు బాబాయ్," అంది తిరుంగో.

*

కాలుగాలిన పిల్లిలా తిరిగింది బొగాలెచ్, ఆ మొదటి ఏడంతా.

బానని తూర్పు గోడకి జరిపింది. ఎండ తగిలితే త్వరగా పండుతుందేమోనని. మళ్ళీ చీకటి మూలకి జరిపింది. ఎండ తగిలితే చెడుతుందేమోనని. చుట్టూ గడ్డి కప్పింది. గడ్డి తీసేసింది. పవిత్రజలం తెచ్చి చిలకరిద్దామని చర్చిదాకా వెళ్ళి, నీళ్ళు కలిపిందంటారని భయపడి సగం మెట్ల మీంచి వెనక్కొచ్చింది.

ఆలస్యం అమృతం విషం అంటారు. సారా దగ్గర ఆ మాట చెల్లదు. ఆలస్యం అయితేనే అది అమృతం. ఆ మాత్రం సారా కాచే ఆడదానికి తెలీదా? తెలుసు. తెలిసినా చెయ్యి ఊరుకోదు.

"ఏమ్మా, చక్కిలిగింతలు పెడితే పండుతుందా అది?" అనేవాడు దెమిసె. రోజూ సాయంత్రం మూల బల్ల మీద కూర్చుని, రెండు గ్లాసులు కొని తాగి, మూడోది మాటలతో తాగేద్దామని చూసే ముసలాయన.

"నీకు పెడితే నువ్వు పండావా బాబాయ్? లే, పొద్దుపోయింది."

శిలువ పండగ వచ్చింది. కొండంతా పసుపు పూలు. మంటలు ఆరిన మర్నాడు తెల్ల శాలువా కప్పుకుని తిరుంగో వచ్చింది. పెద్దమనుషులు వాకిట్లో కూర్చున్నారు. బొగాలెచ్ మట్టి మూత పగలగొట్టి, కొమ్ము గరిటెతో ముంచి, చిన్న గాజు గ్లాసు నింపి, రెండు చేతులా అందించింది.

తిరుంగో కొంచెం నోట్లో పోసుకుంది. మింగింది. మిగిలింది నేల మీద ఒంపేసింది.

"మండుతోంది."

వెళ్ళిపోయింది.

మళ్ళీ వానలు. మళ్ళీ పసుపు పూలు. మళ్ళీ ఆ తెల్ల శాలువా.

"మండుతోంది."

ఫోను మోగితే అవతలి నుంచి షిఫెరా గొంతు. తిన్నావా అని అడగడు. ఎలా ఉన్నావనీ అడగడు. "బాన ఎలా ఉంది?" అంటాడు, పసిపిల్ల సంగతి అడిగినట్టు.

"బాగానే ఉందయ్యా."

"ఇక్కడ రాత్రిళ్ళు కూడా చెమటేనే... మన చలి కావాలే నాకు, బొగా."

ఆమె ఫోను తలుపు సందు దగ్గర పెట్టేది. గాలి చప్పుడైనా వింటాడని.

*

బాన తాగుతోంది.

రెండో ఏటి వానల్లో కనిపెట్టింది ఆ సంగతి. పొగ పట్టని ఉట్టి మట్టి కదా. తాకితే ఎప్పుడూ చెమ్మగా ఉండేది. దాని చుట్టూ ఈగలు మత్తుగా తిరిగేవి. ఠంగ్ అనే చోటు పెరుగుతోంది. దబ్ అనే చోటు తరుగుతోంది.

అప్పుడు పట్టుకుంది ఆమెకి అసలు భయం.

ఇలాగే దిగిపోతే? ఒకనాటికి అడుగంటితే? రుచి చూడటానికే ఏమీ లేకపోతే, మండుతోందా లేదా అని ఎవరు చెబుతారు? పెద్దమనుషులు దానికి తీర్పు చెప్పలేదు. బాన ఎండిపోతే షిఫెరా ఇక ఎప్పటికీ రాడు. పైగా ఊరేమంటుంది... ఇదే తాగేసిందంటుంది. అమ్ముకుందంటుంది.

ఆ ఏడు పండగ ముందురోజు మూత తీసి, రెండుసార్లు కాచిన మంచి సారా, ఒక్క చెంబెడు, బానలో పోసి మళ్ళీ మట్టి మెత్తింది.

పొయ్యి మీది కూరలో కాసిని నీళ్ళు పోసినట్టే అనుకుంది. చెంబెడే కదా అనుకుంది. అంత పాతదాంట్లో ఇంత కొత్తది కలిస్తే ఏమవుతుందిలే అనుకుంది. వేలు తట్టి చూస్తే దబ్ అనే చోటు పైకొచ్చింది. ఆ రోజు కంటినిండా నిద్రపోయింది.

మరుసటి ఏడు రెండు చెంబులు.

ఆ పైయేడు ఇంకాస్త.

"మండుతోంది."

"మండుతోంది."

ఓరోజు దెమిసె జాలిపడ్డాడు. బల్ల మీంచి ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "పిచ్చిపిల్లా, గుప్పెడు ఆలివ్ పేళ్ళు మాడ్చి అందులో పడెయ్. నెల తిరిగేసరికి వెన్నలా దిగుద్ది. ఎవడు చూడొచ్చాడు?"

ఆమె అతని ఖాళీ గ్లాసు తీసి కడగడానికి వెళ్ళింది. కానీ ఆ రాలిన పేళ్ళు ఎక్కడ దొరుకుతాయో ఆమె కాళ్ళకి తెలుసు. మర్నాడే ఏరుకొచ్చింది. పెనం మీద వేయించింది. వాసన లేచింది — అమ్మ పాల బుర్ర వాసన, పెళ్ళినాటి ఇంటి వాసన. గుడ్డలో మూట కట్టి, బాన మూత తీసి, మూతి మీద చెయ్యి పెట్టి నిలబడింది.

మూట వదిలేస్తే మొగుడొస్తాడు.

వదిలేస్తే ఆ పిల్లాడి మీద రెండోసారి చెట్టు పడుతుంది.

వదల్లేకపోయింది. మూటని పొయ్యిలో పడేసింది. ఏడ్చింది. ఆ వాసన ఎన్నాళ్ళో ఇంట్లోంచి పోలేదు. కొండ ఊట దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే తిరుంగో పక్కన నిలబడి, ముక్కు ఎగరేసి, ఆమె శాలువా వంక చూసింది. బొగాలెచ్ శాలువా కొంగు ముడుచుకుంది. తిరుంగో కుండ వీపుకెత్తుకుని వెళ్ళిపోయింది.

పెద్ద పాపం తప్పించుకున్నానని బొగాలెచ్ ఊపిరి పీల్చుకుంది. చెంబు సంగతి ఆమె మనసులోకే రాలేదు.

*

ఈ ఏడు ఫోన్లు తగ్గాయి.

వానల చివర్లో లారీ డ్రైవరొకడు కబురు తెచ్చాడు. షిఫెరాకి జ్వరం. దిగదు, పోదు. ఆమె అమ్మాల్సిన సారా దెమిసె చేతికి అప్పజెప్పి — పిల్లికి పాలు అప్పజెప్పినట్టే — కొండ దిగింది. పెళ్ళయ్యాక ఆ లోయ చూడటం అదే మొదలు.

అంత ఎండలో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు మనిషి. చెరుకాకు కోసుకుపోయిన చేతులు. ఆమె చేసి తెచ్చిన ఇంజెరా రొట్టె రెండు ముద్దలు తిని పక్కన పెట్టాడు.

"చలేస్తోందే," అన్నాడు. "కానీ ఇది మన చలి కాదు."

ఆమె వచ్చేస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు. "ఈసారి కూడా కాకపోతే... ఇక బాన సంగతి అడగన్లే బొగా."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదని దారంతా అనుకుంది ఆమె.

బస్సు. లారీ. నడక. కొండ ఎక్కేసరికి పండగ మంటలు వెలుగుతున్నాయి. పిల్లలు పాడుతున్నారు. ఆమెకి ఏ పాటా చెవిన పడలేదు. గోడకి ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది.

తెల్లారింది. వాకిట్లో దగ్గు వినబడింది. వుబ్షెత్ దగ్గు. ఉండనన్న ముసలాయన ఉండనే ఉన్నాడు, కర్ర మీద ఇంకాస్త వంగి.

మట్టి మూత పగలగొట్టాక గాని గుర్తు రాలేదు.

చెంబు పొయ్యలేదు.

గరిటె దించింది. అందలేదు. భుజం దాకా చెయ్యి దించింది. అడుగున ఎక్కడో తడి తగిలింది. ఇప్పుడు పొయ్యడానికి వీల్లేదు. గడప దగ్గర తెల్ల శాలువా నిలబడి ఉంది.

గ్లాసు నిండింది. సారా రంగు మారలేదు. కట్టె తగలనిదానికి రంగెక్కడిది? కానీ గ్లాసు అంచున అది మెల్లగా కదిలింది, నూనెలాగా.

తిరుంగో నోట్లో పోసుకుంది.

మింగలేదు.

బుగ్గల్లో అటూ ఇటూ తిప్పింది. కళ్ళు మూసుకుంది. బొగాలెచ్ ఆమె గొంతు వంకే చూస్తోంది. గొంతు కదిలింది. మిగిలింది నేల మీద ఒంపలేదు.

"ఈ ఏడు కొత్తది పొయ్యలేదే," అంది తిరుంగో.

బొగాలెచ్‌కి ఒక్క క్షణం ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక బాన పక్కనే కూలబడింది. చెంబెడు. రెండు చెంబులు. ఇంకాస్త. ఎప్పుడో పండిపోవాల్సినదాన్ని ఏటా ఏటా తన చేత్తోనే పచ్చిది చేసింది. ఈ చేత్తోనే మొగుణ్ణి ఆ ఎండలో నిలబెట్టింది.

"తెలుసా నీకు?"

"మొదటిసారి పోసినప్పుడే తెలిసింది. సారా కాచని ఇల్లుందా ఇక్కడ?"

"మరి చెప్పలేదేం అక్కా?"

"ఎందుకు చెబుతాను?" తిరుంగో గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "చెబితే మానేసేదానివి. మానేస్తే పండేది. పండితే మీ ఆయనొచ్చేవాడు. నావాడు రాడుగా."

గాలి గడ్డిని కదిపింది. వాకిట్లో వుబ్షెత్ దగ్గాడు.

"ఏటా పండగ ముందు నాకూ భయమేసేది," అంది తిరుంగో, ఎవరికో చెబుతున్నట్టు. "ఈసారి ఇది కొత్తది పొయ్యలేదేమో, మండదేమో అని. నోట్లో పోసుకోగానే మండేది. హమ్మయ్య అనుకుంటూ ఇంటికెళ్ళేదాన్ని." గ్లాసు వాసన చూసింది. "ఆ ఆలివ్ పేళ్ళు వెయ్యలేదు కదా నువ్వు."

"లేదు."

"తెలుసు. వేస్తే తెలిసేది."

గ్లాసు కింద పెట్టలేదు. అందులో సగం ఉంది. దాని వంక చూసింది. తర్వాత చెయ్యి చాపింది.

"నువ్వు చెప్పు. మండుతోందా?"

బొగాలెచ్ గ్లాసు వంక చూసింది. ఇన్నేళ్ళూ తాకి చూసింది, తట్టి చూసింది, వాసన చూసింది. ఒక్క చుక్క నాలిక మీద వేసుకోలేదు. లేదు అంటే చాలు. ఒక్క మాట. సాయంత్రానికి లోయకి కబురెళుతుంది. దుప్పటి తోసేసి లేస్తాడు మనిషి.

తాగింది.

ముందు చల్లగా... తర్వాత మట్టి వాసన, తొలి వానకి లేచేది. తర్వాత బార్లీ తీపి, ఎక్కడో దూరంగా. ఆ తర్వాత, గొంతు దిగాక, బాగా కిందికి దిగాక, ఒక సన్నటి నిప్పు. తేలిగ్గా ఆరేది కాదు. ఆమెకి యిర్గా కనిపించాడు, చేతిలో చిన్న కర్రతో, గొర్రెల వెనకాల. ఇన్నేళ్ళలో వాడి ముఖం ఒక్కసారీ గుర్తు చేసుకోలేదు తను. ఎప్పుడూ మొగుడి ముఖమే.

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది.

"మండుతోంది," అంది బొగాలెచ్.

అనేసి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"నాకూనే," అంది తిరుంగో.

"ఏమందమ్మా?" వాకిట్లోంచి వుబ్షెత్ గొంతు. "ఏమందీ?"

రెండిళ్ళు, ఒక్క గ్లాసు. ఖాళీ గ్లాసు బొగాలెచ్ ఒళ్ళో ఉంది, అంచున ఇద్దరి తడీ ఆరకుండా. తిరుంగో వెళ్ళిపోలేదు. శాలువా సర్దుకుని బానకి రెండో పక్కన నేల మీద కూర్చుంది.

చెయ్యి ఎత్తింది. వేలి కణుపుతో బానని తట్టింది.

ఠంగ్.

కొంచెం కిందికి.

ఠంగ్.

ఇంకా కిందికి... బొగాలెచ్ ముఖం మీంచి చేతులు తీసింది. ఊపిరి బిగబట్టి వింటోంది.

ఠంగ్...